గోటి గీత

ఒడలెల్ల బూడిద పూసికొని, ఏనుగుతోలు కప్పుకొని, మంచుకొండమీద కాపురముండి, నెత్తిమీదినుండి ఎడతెగక నీరు కారుచున్నను ఏనాడును ఒళ్ళు గోకికొని ఎరుగని స్వామికి మ్రొక్కి, ఆ భాగ్యము లేని మావంటివారి చర్మములను చల్లగా చూడుమని వేడికొని, ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. జయ నామ సంవత్సర మార్గశిర బహుళ ఏకాదశి, గురువారము. దిల్‌సుఖ్‌నగరు వెనుక, సరూర్‌నగర్ చెరువు గాలి తగులు వీధిలో, మేడమీది వాటా.

మొన్న ఎల్బీ నగర్ కూడలిలో, కొత్తగా లేస్తున్న మెట్రో స్తంభాల దుమ్ములో, బస్సుకోసం కూర్చొని ఉండగా నా పక్కన ఒక పెద్దమనిషి వచ్చి చేరినాడు. చొక్కా చేతులు మోచేతిదాకా మడచినాడు. ఆ ముంజేయి చూడగానే నాకు మనసు నిలువలేదు. నీరు తీసిన చెరువుమట్టి వలె బూడిదరంగు దేరి, సన్నని పొలుసులు లేచి ఉన్నది. నా చూపుడువేలు నా అనుమతి కోరకుండానే ముందుకు సాగి, ఆ ముంజేతిమీద గోటితో ఒక గీత గీసింది. గీత సున్నంతో గీచినట్లు తెల్లగా పడింది.

"ఏంది సార్, చెయ్యి గీకుతున్నవ్?" అన్నాడాయన.

"క్షమించాలి. గీత తెల్లగా పడుతుందో లేదో చూద్దామని."

"పడితే ఏమైతది?"

"పడితే స్నానానికి నీళ్ళు మరీ వేడిగా పోసుకొంటున్నట్లు లెక్క."

ఆయన తన చేతిని, నన్ను, నా చేతిసంచిని వరుసగా చూసినాడు. "డాక్టర్‌వా?"

"కాదండీ. సంస్కృతం చెప్పి పదవీ విరమణ చేశాను."

"గట్లనా" అని, సంచీ తీసుకొని వెళ్ళి బల్ల అవతలి కొసన కూర్చున్నాడు. బస్సు వచ్చేదాకా చొక్కా చేతులు కిందికి దించుకొనే ఉన్నాడు.

ఈ గోటి అలవాటు నాకు పుట్టుకతో వచ్చినది కాదు, గురుకులంలో అబ్బినదీ కాదు. మా ఇంటి యజమానురాలి దగ్గర అంటుకొన్నది. ఆమె ఈ కార్తికంలోనే కాలధర్మం చెందినది. బతికి ఉన్నన్నాళ్ళు ఆమెను గురించి నాలుగు మంచిమాటలు చెప్పే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు; ఉన్న మాటలన్నీ ఆమే ఆడేసేది. ఇప్పుడు నా వంతు వచ్చింది.

ఆమెది నల్లగొండ జిల్లాలో ఒక మెట్టపల్లె. భర్త బస్సు నడిపేవాడు. ఆ ఉద్యోగం వెంట ఈ వైపు వచ్చి, రెండంతస్తుల ఇల్లు ఒకటి కట్టి, దాని గోడలు పూర్తిగా ఆరకముందే ఆయన కన్నుమూసినాడట. కింద ఆమె, మీద మేము. మేము అనగా నేనూ నా ఇల్లాలూ. మాది బందరు ప్రాంతం. ఇక్కడి ప్రాచ్య కళాశాలలో పాఠాలు చెప్పడానికి వచ్చి, నీరు పల్లానికి పోయి నిలిచినట్లు ఈ వీధిలో నిలిచిపోయినవాళ్ళం.

నా భార్య ఆమెను "వదినగారూ" అనేది. ఆమె నా భార్యను "చెల్లె" అనేది. మొదటి పిలుపు ప్రకారం ఆమె నాకు అక్క కావలె. రెండవదాని ప్రకారం నేను ఆమెకు మరిదిని కావలె. ఈ చిక్కును ఆమె మొదటి వారంలోనే పరిష్కరించింది: నన్ను "పంతులూ" అన్నది. వరస ఏదీ లేదు గనుక నాతో ఏమైనా అనవచ్చునని ఆమె తీర్మానం.

గేటు తీసి లోపల అడుగు పెట్టిన ప్రతి ప్రాణినీ ఆమె ఒకే మాటతో పలకరించేది: "చెయ్యియ్యి." గ్యాసుబండ తెచ్చినవాడైనా, మీటరు చూడవచ్చినవాడైనా, పెళ్ళిపిలుపుకు వచ్చిన బంధువైనా సరే. చెయ్యి ఇవ్వగానే గోటితో గీత. గీత కనబడకపోతే "పొలం మంచిగున్నది" అని వదిలిపెట్టేది. తెల్లగా పడితే "నెర్రెలు వారింది" అని పెదవి విరిచి, వచ్చిన పని అడగడం కూడా మాని, ఏ సబ్బు, ఎన్ని నీళ్ళు, నూనె ఎప్పుడు అని విచారణ మొదలుపెట్టేది. ఎండిన జిల్లాలో పుట్టినదానికి ఎండిపోవడం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదని ఆమె నమ్మకం. భూమికీ తోలుకూ ఒకే వైద్యమని మరొక నమ్మకం. ఈ రెండవ నమ్మకం చాలాసార్లు దెబ్బతిన్నది గాని, ఆమె మాత్రం దెబ్బ తినలేదు.

ఆమె దగ్గర పంచాంగం ఉండేది కాదు. పిట్టగోడమీద ఒక కొబ్బరినూనె సీసా ఉండేది. అది పేరుకొన్న నాడు చలికాలం వచ్చినట్లు. కరిగిన నాడు పోయినట్లు. నేను మేడమీదినుండి సంక్రమణాలూ ఋతుసంధులూ లెక్కకట్టి చెప్పబోతే, కిందినుండి సీసా ఎత్తి చూపించేది. "ఇంకా కరిగే ఉన్నది పంతులూ. నీ హేమంతాన్ని జర ఆగుమను."

మూడు నాలుగేళ్ళ కిందటి ఆ రోజులలో ఊరంతా ప్రత్యేక రాష్ట్రంకోసం ఉద్యమం. ఎల్బీ నగర్ కూడలిలో ఒక వారం రాస్తారోకో అయితే మరొక వారం మానవహారం. ఆమె దేనికీ గైర్హాజరు కాలేదు. రోడ్డుమీదనే పొయ్యిలు పెట్టి వండి, రోడ్డుమీదనే పంక్తి తీర్చి భోజనం చేసి, ఆ విధంగా రాకపోకలు ఆపడం అప్పటి పద్ధతి. వంటా వార్పూ అనేవారు. ఒకనాడు వనస్థలిపురంలో నా పురాణప్రవచనం ముగించుకొని వస్తూ ఉంటే, నా బస్సు అటువంటి వంటకు అడ్డంగా వచ్చి ఆగింది. దిగి చూద్దును గదా, నడిరోడ్డున గుండిగలో గరిట తిప్పుతూ మా ఇంటి యజమానురాలు.

ఒక మహిళా పోలీసు వచ్చి ఆమెను లేవమంటున్నది. "అమ్మా, టైమైపోయింది. రోడ్డు ఖాళీ చెయ్యుండ్రి."

ఆమె లేవలేదు. ఆ పిల్ల ముఖంలోకి చూస్తున్నది. "ఎంతసేపాయె బిడ్డా ఎండల నిలబడి?"

"పొద్దుగాల్నించి. నువ్వు లెవ్వమ్మా జర."

"పెదవులు గిట్ల పలిగినయేంది? నాలికతోని తడుపుకుంటున్నవ్ కదా. తడిపితే ఇంకింత పలుగుతయి." అంటూనే అన్నంలోకి కరిగించి ఉంచిన నేతిలో వేలు ముంచి, ఆ పిల్ల పెదవులకు అటూ ఇటూ రాసింది. "ఇగ ఇంకేదాక నోరు మెదపకు."

ఆ పిల్ల ఏదో అనబోయి, నెయ్యి గడ్డంమీదికి జారుతుండగా ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినారు. నవ్వితే పెదవి చిట్లుతుందని ఆ పిల్ల నవ్వలేదు. ఉద్యమంలో పోలీసు నోరు మూయించడం ఎవరికి ఎంతవరకు సాధ్యమైనదో చరిత్రకారులు తేల్చవలె. ఒక వంట ఉడికేటంత సేపు ఈమెకు సాధ్యమైనది. అందుకు నేను సాక్షిని.

ఇక నా ఇల్లాలి సంగతి.

అరవై దాటినదగ్గరనుండి ఆమెకు ఒళ్ళంతా దురద. పిక్కలమీద చేప పొలుసులవలె తేలింది. నా తాళపత్ర గ్రంథాలకు కట్టిన చెక్కపలక ఒకటి మాయమైనది; దానిని వీపు గోకడానికి వాడుతున్నట్లు తరువాత తెలిసింది. రాత్రులు నిద్ర కరువైనది. చలికాలంలో మొదలైనది ఎండాకాలంలో తగ్గుతుందనుకొన్నాం, తగ్గలేదు. వానాకాలంలో తగ్గుతుందనుకొన్నాం, తగ్గలేదు. చివరకు ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది: ఇది ఈ ఊరి గాలి. సముద్రపు గాలిలో పుట్టిన ఒంటికి ఈ రాళ్ళ గాలి పడదు. బందరు వెళ్ళిపోవలె.

ఆమె తమ్ముడు, అంటే నా బావమరిది, ఎల్బీ నగర్ అవతల కాలనీలో ఉండేవాడు. అతనికి ఈ నిర్ణయం తేనెవలె తోచింది. "నేనెప్పటినుంచో చెబుతూనే ఉన్నాను బావగారూ. ఇక్కడ రోజులు బాగాలేవు. అక్కకి ఒంట్లో బాగుంటుంది, మీకు మనసులో బాగుంటుంది. బందర్లో ఇల్లు నేను చూస్తాను" అన్నాడు. చూసినాడు కూడా. మార్గశిరంలో చేరుతామని ఆ ఇంటివాళ్ళకు మాట ఇచ్చినాడు.

ఈ వార్త కిందికి దిగేసరికి మా ఇంటి యజమానురాలు మెట్లెక్కి వచ్చింది. నేను ఎరిగినంతవరకు ఆమె మేడమీదికి రావడం అదే మొదలు.

"పోతే పోండ్రి" అన్నది వాకిట్లో నిలబడి. "మీ ఊరు, మీ ఇష్టం. గని గాలి మంచిగ లేదని చెప్పి పోతవా చెల్లె? మా గాలిని బద్నాం చేసి పోతవా?"

"అది కాదు వదినగారూ. నా ఒంటికి పడడంలేదంటున్నాను."

"వానకాలంల గాలి తడిగనే ఉంటది గద. గప్పుడు గూడ గోక్కున్నవ్. మరి గాలిదేంది తప్పు?"

నేను కల్పించుకొని, వయసు మళ్ళిన శరీరంలో వాతం ప్రకోపించడమూ, దానివలన రూక్షత్వం కలగడమూ, అభ్యంగనమూ ఉద్వర్తనమూ దానికి ప్రతిక్రియలు కావడమూ సవిస్తరంగా విన్నవించినాను. ఆమె చివరిదాకా విని, "నువ్వు మాట్లాడితే ఉన్న తడి గూడ ఆరుతది పంతులూ" అని, నా భార్యవైపు తిరిగింది. "మార్గశిరం దాక ఆగు. నీ తోలు నేను మంచిగ చేస్త. కాకుంటే నేనే లారీ మాట్లాడి సామాను ఎక్కిస్త."

ఆనాటినుండి అది దురద కాదు, దేశ గౌరవం.

ఆమె మొదటి అనుమానం మా ఆవకాయమీద. జాడీ కిందికి తీసుకుపోయింది. దురద తగ్గలేదు, జాడీ మాత్రం సగమై తిరిగివచ్చింది. రెండవ అనుమానం పులుపుమీద. ఆ వారం మేము చప్పిడి పప్పు తిన్నాం. మూడవది అనుమానం కాదు, ఆయుధం: సొంత పల్లెనుండి తెప్పించిన గానుగ ఆముదం. తేనెకంటె చిక్కనిది, వాసన మాటలలో పెట్టగలిగినది కాదు. తెల్లవారుజామున అది ఒళ్ళంతా పట్టించుకొని, నానిన తరువాత స్నానం చేయవలెనని ఆజ్ఞ.

ఇక్కడ మా ఇంటి ధర్మం ఒకటి చెప్పవలె. మా వైపు తలంటి అంటే నూనె పెట్టడం సగమే. సున్నిపిండితో నలిచి ఆ నూనెను ఆనవాలు లేకుండా తీసివేయడం మిగతా సగం. జిడ్డు మిగిలితే స్నానం చేసినట్లు కాదు. నూనె ఎంత చిక్కనిదైతే నలుగు అంత గట్టిదిగా, నీళ్ళు అంత వేడిగా ఉండవలె. ఆముదం వదలడానికి నా భార్య గీజరును దాని శక్తి కొద్దీ కాచింది. నేను పదవీ విరమణ నాడు కొన్న గీజరు అది. పొగలు కక్కడంలో నా ఎరుకలో దానికి సాటి లేదు. సెనగపిండీ పెసరపిండీ కలిపి పీచుతో రుద్దుకొనేది. బయటికి వచ్చేసరికి ఒళ్ళు ఉడికిన కందగడ్డ రంగు. మధ్యాహ్నానికి బూడిద. సాయంత్రానికి రక్తం వచ్చేటట్లు గోకడం. మరునాడు మరింత ఆముదం, దానికి తగిన మరింత నలుగు. చికిత్స ఇంత శ్రద్ధగా సాగినకొద్దీ రోగం కూడా అంతే శ్రద్ధగా పెరిగింది.

"మీ ఆముదం నా ఒంటికి ఇంకట్లేదు వదినగారూ" అని ఇల్లాలు కన్నీళ్ళు పెట్టుకొన్నది.

"ఇంకుతది. రాతి భూమికి మొదటి వాన ఇంకదు" అన్నది ఆమె. కాని ఆ మాట ఎప్పటి బలంతో అనలేదు. ఆ సాయంత్రం ఎవరినీ చెయ్యి అడగలేదు.

అంతలో భాద్రపదం వెళ్ళేనాటికి సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు నిలిచినవి, బడులు మూతపడినవి. బొగ్గు తవ్వేవారు పారలు దించడంతో కరెంటుకు కోత. పొద్దున్నే పోయేది. గీజరు చల్లబడింది. మోటారు తిరగదు గనుక తొట్టిలోని బోరునీళ్ళు పొదుపు. గ్యాసుబండ దొరకడమే గగనం గనుక స్నానానికి పొయ్యి వెలిగించే ప్రశ్న లేదు. నా ఇల్లాలు వణుకుతూ నాలుగు చెంబులు చన్నీళ్ళు గుమ్మరించుకొని బయటపడేది. ఆ వణుకులో నలుగు ఎవరికి జ్ఞాపకం ఉంటుంది? చలి ఆగకపోతే కింద ఆమె చెప్పింది, తడి ఆరకముందే కొబ్బరినూనె పలుచగా పూసుకొంటే వెచ్చగా ఉంటుందని. పూసుకొన్నది.

సమ్మె దసరా దాటి సాగింది. ఉద్యోగులు ఎప్పుడు పనిలోకి వెళతారో, ప్రభుత్వం ఏమంటుందో అని వీధి అంతా వార్తలకు చెవి ఒగ్గి ఉన్నది. నా తాళపత్రాల పలక తన చోటికి తాను తిరిగివచ్చిన సంగతి ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు, నా భార్యా గమనించలేదు. దురద ఉన్నప్పుడు తెలిసినట్లు, లేనప్పుడు లేదని తెలియదు. గమనించినది ఒక్కతే. మెట్లకింద కూర్చొని, దిగేవారి చేతులు గోకుతున్నవా ఊరక ఉన్నవా అని చూడడం తప్ప వేరే పని లేనిది.

దీపావళికి ముందే సమ్మె విరమించినారు. అందరికీ కరెంటు వచ్చింది. మాకు పూర్తిగా రాలేదు. కోత ఇంకా సాగుతున్నదనుకొన్నాం. ఆ రోజులలో కరెంటు లేకపోవడానికి కారణం అడగడం మానివేసి చాలాకాలమైనది. తెల్లవారుజామున పోయేది, మా స్నానాలయ్యేసరికి వచ్చేది. దానికి తోడు కార్తికం ప్రవేశించింది. కార్తికంలో సూర్యోదయానికి ముందు చన్నీటి స్నానం మహాఫలమని నేను ప్రవచనాలలో చెప్పినవాడినే గనుక, నా ఇల్లాలు ఆ లేమిని వ్రతంగా మార్చుకొన్నది. దీపం వెలుగులో స్నానం, తులసికి ప్రదక్షిణం. "ఈ ఏడు నెలంతా చన్నీళ్ళే చేస్తున్నాను" అని బంధువులందరికీ ఫోనులో చెప్పుకొన్నది. పుణ్యం సంగతి దేవుడెరుగును. కీర్తి మాత్రం బందరు దాకా పోయింది.

మార్గశిరం రాగానే నా బావమరిది వచ్చినాడు, సామాను ఎంత ఉన్నదో చూసి లారీ మాట్లాడడానికి. పొద్దున్నే వచ్చినాడు. గేటు దగ్గర ఆగిపోయినాడు. కింది వాటాలో దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నవి, టీవీలో వార్తలు గట్టిగా వస్తున్నవి. మేడమీద చీకటి. అతడు మెట్లకింద మీటర్ల పెట్టె తెరిచి చూసినాడు. మా ఫ్యూజు ఉండవలసిన చోట ఖాళీ.

"బావగారూ, కిందికి రండి" అని పిలిచినాడు. నేను దిగగానే ఆ ఖాళీని వేలితో చూపినాడు. "చూశారా? పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. ముసలివాళ్ళని చీకట్లో కూర్చోబెడుతున్నారు. ఇంకా ఇక్కడ ఉందామంటారా?"

కాలం అటువంటిది. ఎవరు ఎవరిని ఏమన్నా నమ్మదగిన కాలం. చుట్టుపక్కల కిటికీలు ఒకటొకటిగా తెరుచుకొన్నవి. ఒక మాట తప్పు జారితే ఆ వీధి రెండుగా చీలుతుందని నాకు తోచింది. నా జన్మంతా సంపాదించుకొన్న శబ్దసంపదలో ఆ క్షణానికి పనికివచ్చే పదం ఒక్కటీ దొరకలేదు.

మా ఇంటి యజమానురాలు లోపలినుండి వచ్చింది. చేతిలో ఫ్యూజు. దాచలేదు. నా బావమరిది వైపు చూడనుకూడ లేదు.

"చెల్లె, కిందికి దిగు" అన్నది.

నా భార్య తడి జుట్టుతోనే దిగివచ్చింది.

"చెయ్యియ్యి."

ఇచ్చింది. ఆమె గోటితో మణికట్టునుండి మోచేతిదాకా ఒక గీత గీసింది. బలంగానే గీసింది. తరువాత ఆ చేతిని తమ్ముడి ముఖం ముందుకు జరిపింది.

"ఏది గీత? సూడు నాయనా, సదువుకున్నోనివి. కనబడుతుందా?"

అతడు చూసినాడు. నేనూ చూసినాను. చేయి నున్నగా ఉన్నది.

"ఎన్ని దినాలాయె చెల్లె నువ్వు గోక్కోక?"

నా ఇల్లాలు ఆలోచించింది. ఆమె ముఖంలో మొదట ఆశ్చర్యం కలిగింది. తరువాత లెక్క తేలింది. ఆ వెనుకనే కోపం వచ్చింది. "ఉండండి వదినగారూ. అంటే మీరు ఫ్యూజు పీకి, కార్తికమాసమంతా నాచేత చన్నీళ్ళ స్నానం చేయించారా?"

"పుణ్యమొచ్చింది గద."

"పుణ్యమా? పళ్ళు పటపటలాడిపోయాయి నాకు. నేను వ్రతమనుకొని ఊరంతా చెప్పుకున్నాను."

"వ్రతమే. నువ్వు మీద చేసినవ్, నేను కింద చేసిన. నువ్వు లేసేకంటె ముందు నేను లేసి ఫ్యూజు పీకాలె. నీ బకెట్టు చప్పుడు ఆగినంక మల్ల పెట్టాలె. నాకు మాత్రం నిద్ర ఉన్నదా?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే ఇంటవా? ఆముదం నేనిస్తే, నలుగు పెట్టి నా ఆముదాన్నే ఎల్లగొట్టినవ్. సమ్మెల నీళ్ళు సల్లగైనయి, నీ తోలు సల్లగైంది. నేను సూసిన. సమ్మె ఆపిన్రు. నేను ఆపలే." స్వరం దించి అన్నది, "మా గాలిది తప్పు గాదు చెల్లె. ఇగ పోతే పో."

నా బావమరిది ఏదో అనబోయినాడు. నా భార్య అతని భుజంమీద చెయ్యి వేసి ఆపింది. కిటికీలలోని ముఖాలు, ఇందులో తాము వినదగిన దేశకాల విషయమేదీ లేదని గ్రహించి, ఒకటొకటిగా వెనక్కు తగ్గినవి.

అయినా నా బావమరిది అంత సులభంగా ఓడేవాడు కాదు. చర్మవైద్యులకు చూపించిన తరువాతే ఏ మాటైనా అని పట్టుబట్టినాడు. అదీ మంచిదే అన్నాం. దిల్‌సుఖ్‌నగరులో ఒక దవాఖానకు అందరం వెళ్ళినాం. పిలవకుండానే మా యజమానురాలు ఆటోలో ముందు కూర్చున్నది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఓపికగా చూసింది, చక్కెరకూ థైరాయిడుకూ రక్తపరీక్ష రాసింది, తరువాత చెప్పింది: "చర్మానికి పైపొర ఇటుకల గోడలాంటిదండీ. ఆ ఇటుకల మధ్య సున్నంలాగా చర్మమే తయారుచేసుకొనే నూనె ఒకటి ఉంటుంది. లోపలి తడి బయటికి పోకుండా ఆపేది అదే. వయసు పెరిగితే అది తక్కువ తయారవుతుంది. ఉన్న కాస్తనీ మరిగే నీళ్ళూ సున్నిపిండీ కడిగేస్తాయి. గోరువెచ్చని నీళ్ళు, తొందరగా స్నానం, సబ్బు అవసరమైన చోట మాత్రమే, రుద్దకుండా తుడుచుకోవడం. తడి ఆరకముందే పైన పూత వేస్తే ఆ తడిని అది లోపలే పట్టి ఉంచుతుంది. నూనెతో చాలకపోతే ఈ మందు రాయండి."

"నేను గిదే చెప్పిన" అన్నది మా యజమానురాలు. ఆమె చెప్పినది ఆవకాయ. కాని ఆ సంగతి ఎత్తే సాహసం ఎవరికీ లేదు.

లేవబోతూ, "డాక్టరమ్మా, చెయ్యియ్యి" అన్నది. ఆ అమ్మాయి అర్థంకాక చెయ్యి ఇచ్చింది. గీత తెల్లగా మెరిసింది.

"రోగిరోగికీ కడుక్కోవాలి కదండీ" అన్నది డాక్టరు సిగ్గుపడుతూ.

"కడుక్కో. కడుక్కున్నంక పూస్కో. ఇంకొకరికి చెప్పుడు కాదు" అన్నది ఆమె. డాక్టరు సొరుగు తెరిచి, రోగులకిచ్చే పూతనే తన చేతులకు రాసుకొన్నది. రాసుకొనేదాకా ఈమె గడప దాటలేదు.

ఇంటికి వచ్చిన తరువాత నా ఇల్లాలు మేడ ఎక్కలేదు. మెట్లమీద ఆమె పక్కనే కూర్చున్నది. అక్కడినుండే తమ్ముడితో అన్నది: "ఆ బందరు ఇంటివాళ్ళకి వద్దని చెప్పరా."

"అక్కా, మాట ఇచ్చాను. బాగా ఆలోచించుకొన్నావా?"

"ఆలోచించాను. అక్కడ నా చెయ్యి పట్టి చూసేవాళ్ళెవరున్నారు?"

మా యజమానురాలి ముఖంలో సంతోషం వెదికినాను. పిట్టగోడమీది సీసాను ఎండలోకి జరుపుతున్నది. "ఉంటే ఉండుండ్రి" అన్నది మావైపు చూడకుండా. "గని ఫ్యూజు నా తాననే ఉంటది."

ఖర నామ సంవత్సర మార్గశిర శుద్ధ ఏకాదశినాడు నా బావమరిది బందరు ఇంటికి ఇచ్చిన మాట వెనక్కు తీసుకొన్నాడు. జయ నామ సంవత్సర జ్యేష్ఠమాసములో రాష్ట్రము ఏర్పడినది. అదే సంవత్సర కార్తిక శుద్ధ దశమినాడు ఆమె పోయినది. మేము ఆ మేడమీదనే ఉన్నాము.